ఒకటిన్నర సారు ఊయల దూలం

ఆయనకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని పలికేవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. కట్టుబడి పనుల్లో ఉన్న మేస్త్రీల దగ్గర్నుంచి ఇనుము వంచేవాళ్ళ దాకా అందరికీ ఆయన ఒకటిన్నర సారు.

భవనాల దూలాలు ఎంత లావుండాలో, వాటి కడుపులో ఎన్ని కడ్డీలు పడాలో లెక్కగట్టి చెప్పడం ఆయన వృత్తి. ఆ వృత్తిలో ఒక నియమం ఉంది. దూలం మీద ఎంత బరువు పడుతుందని తేలినా సరే, దాన్ని ఒకటిన్నరతో గుణించి, ఆ పెరిగిన బరువుకు తట్టుకునేలా దూలాన్ని తయారుచేయాలి. మిగతా ఇంజినీర్లు ఈ గుణకారం ఆఫీసులో చేసేసి, సాయంత్రం ఇంటికెళ్ళి మామూలు మనుషులైపోతారు. ఈయన మాత్రం కాలేదు. నలుగురు వస్తామంటే ఆరుగురికి వండించేవాడు. గంటలో చేరే ఊరికి గంటన్నర ముందు బయల్దేరి, అక్కడ మూసి ఉన్న తలుపు ముందు నిలబడేవాడు. ప్యాంటుకు బెల్టు పెట్టుకుని, దాని మీద నమ్మకం చాలక లోపల నాడా కూడా కట్టుకునేవాడు. జారిన ప్యాంటు చరిత్రలో లేదు కదా అని భార్య అడిగితే, "అందుకే లేదు" అనేవాడు. ఇటువంటి మనిషితో కాపురం చేయడానికి ఒకటిన్నర రెట్లు ఓర్పు కావాలి. ఆ ఇల్లాలికి అది ఉంది.

ఆమెకు ఒక్కటే కోరిక. హాల్లో ఊయల.

పుట్టింట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఊగిన టేకు పలక, ఇత్తడి గొలుసులతో సహా ఆమె దగ్గరే ఉంది. పెళ్ళయి వస్తుంటే, "నువ్వే పట్టుకెళ్ళవే, నేను వచ్చినప్పుడల్లా ఇద్దరం ఊగుదాం" అని అక్క ఇచ్చేసింది. అక్క వచ్చినప్పుడల్లా పలక ఉంది, గొలుసులున్నాయి, ఊగడానికి ఊయలే లేదు. అద్దె ఇళ్ళవాళ్ళు వద్దన్నారేమో అనుకునేరు. పాపం, వాళ్ళు నిక్షేపంగా వేలాడదీసుకోమన్నారు. వద్దన్నది ఈయనే. కొత్త ఇంట్లో దిగగానే స్టూలెక్కి దూలాన్ని వేళ్ళతో తట్టి, చెవి ఆనించి, పెదవి విరిచేవాడు.

"ఇది ఎవరు డిజైన్ చేశారో, లోపల ఏం వేశారో! తెలీని బీమును ఎలా నమ్మమంటావు?"

"ఇల్లంతా దాన్ని నమ్ముకునే కదండీ నిలబడింది?"

"ఇల్లు ఊగదు. మీ అక్క ఊగుతుంది."

అలా ఆ పలక ఒక ఇంట్లో పుస్తకాల అర అయింది, ఒక ఇంట్లో ఇస్త్రీ బల్ల అయింది, మరో ఇంట్లో రెండు డబ్బాల మీద కూర్చుని చుట్టాలకు బెంచీ అయింది. గొలుసులకు మాత్రం ఆవిడ ఏటా చింతపండు పట్టించి తళతళలాడేలా తోమి, మళ్ళీ గుడ్డలో చుట్టి దాచేది. తోముతున్నంతసేపూ ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. చదవడానికి కాదు.

చివరికి సొంత ఇల్లు మొదలైంది. పునాది తవ్విన రోజున ఆయన భార్యతో, "హాలు మధ్య బీము నీ ఊయల కోసమే. లోకంలో ఏ ఊయలకూ అలాంటి బీము ఉండదు" అన్నాడు. అన్నమాట ప్రకారం భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాడు. పక్కన కూర్చుని బీన్స్ తుంచుతున్న భార్యకు, గిన్నెలు తోమే స్పాంజి ముక్క తెచ్చి పాఠం కూడా చెప్పాడు.

"ఇదే బీమనుకో. రెండు చివర్లా పట్టుకుని మధ్యలో నొక్కితే ఏమవుతుంది? పైభాగం దగ్గరికి నొక్కుకుంటుంది. కింద పొట్ట సాగుతుంది. కాంక్రీటును ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం ఠక్కున పగులుతుంది. అందుకే సాగే చోట, అంటే కింద, ఇనుప కడ్డీలు వేస్తాం. కాంక్రీటు అచ్చం మీ అక్కలాంటిది. ఎంత పని మీద వేసినా చేస్తుంది, ఒక్క మాట లాగితే విరుచుకుపడుతుంది."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనకు హుషారొచ్చింది. హుషారులో మనిషి చెయ్యకూడని పని చేస్తాడు. ఊయల మీద కూర్చునేది ఎవరెవరు, ఎంతెంత బరువు అన్నది తెలియాలి కదా. నేరుగా ఫోను తీసి వదినగారికి చేశాడు.

"వదినా, కులాసానా? చిన్న పని మీద చేశాను. మీ బరువెంత?"

 అవతల్నుంచి ఒక అంకె వినబడింది. చాలా మర్యాదగల అంకె. ఈయన దాన్ని రాసుకున్నాడు. అక్కడితో థాంక్స్ చెప్పి పెట్టేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"సరే వదినా, ఒకటిన్నర రెట్లు వేసుకుంటాను."

"దేనికి?"

"మీకే. అదీ కదలకుండా కూర్చుంటే. ఊగేటప్పుడు కుదుపుకి ఇంకా పెరుగుతారు. మొత్తం హాల్లో మెయిన్ లోడు మీరే."

ఫోను పెట్టేసిన చప్పుడు బీన్స్ తుంచుతున్న ఆవిడకు కూడా వినబడింది. ఆవిడ నుదురు కొట్టుకుంది. ఈయనకు మాత్రం ఏం తప్పు జరిగిందో బోధపడలేదు. "లైను కట్టయినట్టుంది" అని లెక్కలో మునిగిపోయాడు.

ఆ లెక్కలో భార్య ఉంది, వదిన ఉంది, వదిన మొగుడు అనగా తన తోడల్లుడు ఉన్నాడు, ఎప్పటికైనా వచ్చే మనవలు ఉన్నారు, వాళ్ళ అల్లరి కూడా ఉంది. వచ్చిన జవాబుకు కింద మూడు కడ్డీలు చాలు. ఈయన నాలుగు వేశాడు. నాలుగూ వేశాక, మనసు ఒప్పక పక్కన ఇంకోటి వేశాడు.

ఇక ఊయల తగిలించడానికి కొక్కేలు. అవి కాంక్రీటు పోయకముందే కడ్డీల మీదుగా తగిలించి ఉంచాలి. పోశాక ఇక లోపలికి పోవు. రెండు కొక్కేలూ ఆయన దగ్గరుండి లావు కడ్డీతో వంచించాడు. సైటులో ఉంచితే పోతాయనీ, మేస్త్రీకి ఇస్తే మర్చిపోతాడనీ, తన చేతి సంచీలో వేసుకుని, కాంక్రీటు రోజున తనే స్వయంగా తగిలిస్తానని ప్రకటించాడు.

ఆ రోజు రానే వచ్చింది. కలిపే మిషను గడగడలాడుతోంది. ఈయన కాంక్రీటు పోయడానికి కట్టిన సెంట్రింగు చెక్కల మీద పాకుతూ, ప్రతి కడ్డీనీ పలకరిస్తూ, కడ్డీలను చుట్టి కట్టిన రింగుల మధ్య దూరం టేపుతో కొలుస్తున్నాడు. సంచీ భుజానికే ఉంది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

"మరిదిగారూ, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇంక నావల్ల కాదు."

ఆ తర్వాత వదినగారు ఊపిరి పీల్చుకున్నదెప్పుడో ఆయనకు తెలీదు. ఆడమనిషిని పట్టుకుని బరువడగడం ఒకటి, అడిగి ఒకటిన్నర చెయ్యడం ఒకటి, పైగా మెయిన్ లోడు అనడం ఒకటి. "మీ ఇంట్లో అడుగు పెడితే నేల కుంగిపోతుందేమో, నేను రానే రాను" అని ఆవిడ తేల్చేసింది. మిషను హోరులో సరిగా వినబడక ఈయన నిచ్చెన దిగి వీధి చివరిదాకా నడిచాడు. "అది కాదు వదినా, ఆ ఒకటిన్నర మా ఇంజినీర్ల కోడ్ బుక్కులోనే ఉంది" అనడంతో మంటలో నెయ్యి పడింది. నేను బుక్కులోకి కూడా ఎక్కానా అని ఆవిడ మళ్ళీ మొదలెట్టింది. వెనకాలే మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు.

"సారూ, మాలు గట్టిపడిపోతోంది. పోసేద్దామా?"

"కానివ్వవయ్యా, కానివ్వు!"

పోసేశారు.

సాయంత్రం ఇంటికొచ్చి సంచీ బల్ల మీద పెడితే ఠంగుమంది. భార్య చెయ్యిపెట్టి రెండు కొక్కేలూ బయటికి తీసింది. అవేమిటో ఆవిడకు చెప్పనక్కర్లేదు. ఊయల మీద ఆశతో వాటి కోసం కొలతలు ఇచ్చింది ఆవిడే. ఒకసారి కొక్కేల వంకా, ఒకసారి మొగుడి వంకా చూసి, వాటిని తీసుకెళ్ళి గొలుసుల మూటలో పెట్టి కట్టేసింది.  తిడితే బాగుండేదని ఆయనకనిపించింది. ఏనుగునైనా మోయగల దూలం కట్టి, దానికి ఒక గొలుసు తగిలించే దారి లేకుండా చేసిన ఇంజినీరు లోకంలో తనొక్కడే అనుకుంటూ అన్నం కెలికాడు.

మర్నాడు మేస్త్రీ చాలా తేలిగ్గా ఒక మాటన్నాడు. "దానిదేముంది సారూ, డ్రిల్లుతో రెండు కన్నాలు కొట్టిస్తే పోలా?"

సారు మొహం కందగడ్డయింది. "నా బీముకి? కన్నమా?"

ఇక్కడ ప్లంబరు సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పైపులు వేసేది ఒకే ప్లంబరు. ఎప్పుడో ఒకసారి, ఒక ఇంట్లో నీళ్ళ పైపు అడ్డదారిన పోనివ్వడానికి అతను దూలానికి కన్నం కొట్టబోయాడు. ఈయన చూసి, డ్రిల్లు లాక్కుని, దూలం కింద అతన్ని నిలబెట్టి, మధ్యాహ్నం భోజనానికి కూడా వదలకుండా క్లాసు పీకాడు. అది మొదలు ఆయన గీసిన ప్రతి డ్రాయింగు అడుగునా పెద్దక్షరాలతో ఒక మాట ఉండేది: బీముకు కన్నం వేసినచో ఇల్లు కూలును. ఈ ఒక్క వాక్యం వల్ల ప్లంబరు పైపులు ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసి గానీ వంటింట్లోకి వచ్చేవి కావు. అతని ఒళ్ళు మండిపోయేది. మండినా, ఆ పెద్దక్షరాలకు దడిసి డ్రిల్లు పైకెత్తేవాడు కాదు.

రోజులు గడిచాయి. దూలం గట్టిపడింది, సెంట్రింగు విప్పారు, గోడలకు సున్నం కూడా పడింది. హాలు మధ్య దూలం నున్నగా, గర్వంగా, ఎందుకూ కొరగాకుండా నిలబడింది. అక్క అలగడం అలగడమే. భార్య కూడా ఊయల మాట ఎత్తడం మానేసింది. పలకను కొత్త ఇంట్లో ఎక్కడ పెట్టాలా అని చూస్తూ, "చెప్పుల స్టాండుకు పనికొస్తుందేమో" అంది ఒకనాడు. అదీ వెటకారంగా అనలేదు, మామూలుగానే అంది. 

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడే అడిగింది.

"పైభాగం నొక్కుకుంటుంది, కింద సాగుతుంది అన్నారు కదా. మరి మధ్యలో?"

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "మధ్యలోనా?"

"అవును. నొక్కుకునే చోటుకూ సాగే చోటుకూ నడుమ. అక్కడ ఏమవుతుంది?"

ఆయన చిన్నచిన్న అబద్ధాలు ఆడగలడు. కూర బాగుందని అనగలడు. దూలం విషయంలో మాత్రం అబద్ధం నోటికి రాదు. మంచినీళ్ళు తాగాడు. "మధ్యలో... పెద్దగా ఏమీ అవదు. నొక్కుడూ ఉండదు, లాగుడూ ఉండదు."

"అక్కడ కన్నం పెడితే?"

"బీము నడిమి భాగంలో, రింగుకూ రింగుకూ మధ్య చూసుకుని, బొటనవేలంత కన్నం అటునుంచి ఇటు కొడితే..." ఆయన గొంతు తగ్గించాడు, ప్లంబరు కిటికీ అవతల పొంచి ఉన్నట్టు. "ఏమీ కాదు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"కాలేజీ నుంచీ."

ఆవిడ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. "మరి ఇన్నాళ్ళూ ఆ ప్లంబరుని ఊరంతా తిప్పారా?"

"చెబితే ఊరుకుంటారా? ఒక్క కన్నానికి సరేనంటే పది కొడతారు. చనువిస్తే నెత్తికెక్కుతారు! అందుకని అసలు లేదన్నాను. కాస్త జాగ్రత్త..."

"ఒకటిన్నర" అంది ఆవిడ. "దానిక్కూడా ఒకటిన్నరేనా?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ అప్పుడు కోపంగా కాకుండా, అలసిపోయినట్టుగా ఒక మాటంది. "నాకు ఊయల వద్దులెండి. మీరు నమ్మిన బీము కింద కూడా భయపడుతుంటే, ఇంక నేను ఎక్కడ ఊగేది?"

ఆ మాట ఆయనను తెల్లారేదాకా నిద్రపోనివ్వలేదు. తెల్లారాక ప్లంబరుకు ఫోను చేశాడు.

ప్లంబరు డ్రిల్లు భుజాన వేసుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. దూలం కింద నిలబడి పైకి చూశాడు, సారు వంక చూశాడు, చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏం కొట్టాలన్నారు సారూ? మళ్ళీ ఓసారి చెప్పండి."

"కన్నం."

"దేనికి?"

"బీముకి."

"ఇల్లు కూలదూ?"

సారు పళ్ళు కొరికాడు. తర్వాత, ఆయన జీవితంలో అంతకుముందెన్నడూ చెయ్యని పని చేశాడు. స్పాంజి ముక్క తెచ్చి, ప్లంబరును కూర్చోబెట్టి, మధ్య సంగతి మొత్తం చెప్పాడు. ప్లంబరు అంతా విని, స్పాంజిని రెండుసార్లు నొక్కి చూసి, "అంటే, ఆ రోజు నా భోజనం ఉత్తినే పోయింది" అన్నాడు.

"లేదు. ఆ రోజు నువ్వు కొట్టబోయింది అడుగున, కడ్డీ మీద. ఆ భోజనం న్యాయంగానే పోయింది. తర్వాత తిరిగిన తిరుగుడుకే నేను నీకు సంజాయిషీ చెప్పుకోవాలి."

ప్లంబరు కాసేపు బిగుసుకుని, చివరకు నవ్వేశాడు. రింగులు ఎక్కడున్నాయో సారుకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పెన్సిలుతో దూలం పక్కన రెండు చుక్కలు పెట్టాడు. డ్రిల్లు గుర్రుమన్నప్పుడు మాత్రం, పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం గోడకు తిప్పుకున్నాడు. అటూ ఇటూ ఇనప పట్టీలు, కన్నంలోంచి బోల్టు, కింద కొక్కెం. గొలుసులు దిగాయి. పలక వేలాడింది.

అలాగని ఎవరినైనా కూర్చోనిస్తాడా? ముందు ఇసక బస్తాలతో పరీక్ష చెయ్యాలన్నాడు. బస్తాలు తూచి, ఊగబోయే ఒక్కొక్కరి బరువుకూ బదులుగా ఇన్నేసి బస్తాలని పేరుపేరునా పలక మీద పెట్టించాడు. తను టార్చి పట్టుకుని నిచ్చెనెక్కి, దూలానికి ముక్కు ఆనించి బీటల కోసం వెతుకుతున్నాడు. ఆ హడావుడిలో, చెల్లెలు బతిమాలి పిలిపించిన అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ సంగతి ఎవరూ గమనించలేదు.

"సారూ, వదినగారు ఓ పక్కకి ఒరిగిపోతున్నారు!" అని కేకేశాడు ప్లంబరు.

"కాస్త ఎడమకి దొర్లించు. జాగ్రత్త, చిరిగితే ఇసకంతా కారిపోతుంది."

గుమ్మంలోంచి ఒక దగ్గు వినబడింది. సారు నిచ్చెన మీద కొయ్యబారిపోయాడు. చెల్లెలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి అక్కడే ఆగిపోయింది. వదినగారు నెమ్మదిగా లోపలికి నడిచి, పలక మీది బస్తాలను కలియజూసింది.

"ఇందులో నేనెవర్ని?"

ప్లంబరు వేలితో చూపించాడు. ఆవిడ వంగి, ఆ బస్తాలను చేత్తో తట్టింది. అటూ ఇటూ చూసి, "ఒకటిన్నర చేశాక ఇంతేనా?" అంది.

"ఇంతే వదినా."

"అయితే చాలదు." ఆవిడ పక్కకు తిరిగి గొంతు తగ్గించింది. "నేను ఫోనులో చెప్పింది మా పెద్దాడు పుట్టకముందు బరువు."

ఎవరూ నవ్వలేదు, ధైర్యం లేక. సారు నిచ్చెన దిగొచ్చాడు. "ఫరవాలేదు వదినా. అందుకేగా ఒకటిన్నర పెట్టింది."

"అంటే నేను అబద్ధం చెబుతానని మీకు ముందే తెలుసా?"

"మీరొక్కరే కాదు. ఇసక కొంత అబద్ధం చెబుతుంది, సిమెంటు కొంత చెబుతుంది, మేస్త్రీ కొంత చెబుతాడు, నా లెక్క కూడా కొంత చెబుతుంది. అన్నీ కలిసినా మీరు కింద పడకూడదని. అంతే వదినా, మిమ్మల్ని పెంచాలని కాదు."

వదినగారు ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "ఈ ముక్క ఆ రోజే చెప్పి ఏడవొచ్చుగా!" అని, ప్లంబరు వైపు తిరిగి, "దించవయ్యా ఆ బస్తాల్ని. నిజం మనిషిని నేనుండగా ఇసక దేనికి?" అంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ పలక మీద కూర్చున్నారు. చిన్నప్పుడు కూర్చున్న పలకే, కానీ ఇప్పుడు సందు మిగల్లేదు. కాళ్ళతో నేలను తన్నారు. గొలుసులు కిర్రుమన్నాయి. ఇన్నేళ్ళుగా గుడ్డలో చుట్టి దాచిన ఆ చప్పుడు వినగానే చెల్లెలు ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. వదినగారు "ఊరుకోవే" అంటూ తనూ మొదలెట్టింది. ఒకటిన్నర సారు మాత్రం టార్చి వెలుగు దూలం మీదినుంచి తియ్యలేదు. బీట లేదు. వెంట్రుకవాసి కూడా లేదు.

"మీరూ రండి" అంది భార్య.

"వద్దొద్దు. లెక్కలో నేను లేను."

ఊయల ఆగిపోయింది. "లేరా? పుట్టని మనవల్ని కూడా వేశారు. మీ బరువు వెయ్యలేదా?"

ఆయన టార్చి ఆర్పి, వెలిగించి, మళ్ళీ ఆర్పాడు. "నేనెలాగూ కింద నిలబడి బీము చూస్తుంటాను కదా అనుకున్నాను."

 ఆవిడ అక్కను మోచేత్తో పొడిచింది, ఇద్దరూ చెరోవైపుకీ ఒత్తిగిల్లి, మధ్యలో సందు చేశారు.

"అక్క అబద్ధం పోగా, ఆ ఒకటిన్నరలో మీకు చోటుందా లేదా? లెక్క చూసి చెప్పండి" అంది భార్య.

ఆయన వేళ్ళ మీద లెక్కేశాడు. మళ్ళీ వేశాడు. అదనంగా వేసిన రెండు కడ్డీలను కూడా కలిపాడు.

"ఉంది" అన్నాడు, తనే ఆశ్చర్యపోతూ.

వచ్చి, గుడ్డు మీద కూర్చుంటున్నవాడిలా ఆ ఇద్దరి మధ్యా ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. ప్లంబరు వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. పలక లేచింది. ఆయన తల దానంతటదే వెనక్కి వాలి, చూపు పైకి, దూలం వైపు పోయింది. భార్య అరచెయ్యి చాపి ఆయన కళ్ళు మూసింది. ఆయన తియ్యమనలేదు.